వీపు వెనక తలుపు

మా పెద్ద సిస్టరమ్మ, అంటే మా హెడ్ నర్సు, మొన్న పొద్దున గుండెపోటుతో పోయారు. రిటైరై ఏడాది కూడా కాలేదు. తిరుపతిలో తాను ఇన్నేళ్లు పనిచేసిన క్యాజువాలిటీకే తెచ్చారు. డ్యూటీలో ఉన్న నర్సును నేనే.

ఆమె గురించి చెప్పాలంటే నా మోచెయ్యి గురించి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, తడ ఊరి నుంచి తెచ్చిన ఒక రోగి చనిపోతే, అతని తమ్ముడు సెలైన్ స్టాండుతో నన్ను కొట్టాడు, మోచెయ్యి విరిగింది. ఎముక అతుక్కుంది. భయం మాత్రం పోలేదు. ఎవరైనా గొంతు పెంచితే ఇప్పటికీ ఒక అడుగు వెనక్కి వేస్తాను. ఇంట్లో చెప్తే ఉద్యోగం మానేయమంటారని చెప్పను కూడా.

అప్పుడు అందరూ సర్దుకోమన్నారు. సిస్టరమ్మ నన్ను వెంటబెట్టుకుని పోలీస్ స్టేషన్‌కు వచ్చారు. రాజీ పడమన్న పెద్ద డాక్టరుతో, "దెబ్బలు తినేది మా డ్యూటీలో యాడా లేదు సార్" అన్నారు. కేసు పెట్టాకే వార్డు గేటు దగ్గరికి గార్డు వచ్చాడు.

నేను మళ్లీ డ్యూటీకి వచ్చిన రోజు పక్కకు పిలిచారు. "రోగి తాలూకు వాళ్లతో మాట్లాడేటప్పుడు తలుపు నీ ఈపు ఎనకాల ఉండాల పాపా. లోపల ఏం జరగతా ఉండాదో మాటిమాటికీ పోయి చెప్పు. ఏమీ తెలీకనే వాళ్లకి మండేది."

ఎవరైనా అరుస్తూ వస్తే ఆమె స్టూలు ముందుకు జరిపేవారు. "అరిసేదేదో కూర్చోని అరువు నాయనా. నాకూ మోకాళ్లు నొప్పి." సగం మంది కూర్చునేవాళ్లు. ఒకాయన నవ్వేశాడు కూడా.

మొన్న మేం చేయగలిగిందంతా చేశాం. మధ్యమధ్యలో బయటికి వెళ్లి ఆమె కొడుక్కి చెబుతూనే ఉన్నాను. చివరి మాట కూడా నేనే చెప్పాల్సి వచ్చింది. చిన్నప్పటి నుంచి నన్ను అక్కా అని పిలిచేవాడు, పిడికిళ్లు బిగించి మీదికి వచ్చాడు.

"ఇంతమంది ఉండి ఏం చేసినారక్కా మా అమ్మకి?"

మోచేతిలో పాత దెబ్బ సలిపింది. గార్డు కనిపించలేదు. కాలితో స్టూలు జరిపాను.

"కూర్చో నాయనా. నాకూ మోకాళ్లు నొప్పి."

అతను ఆగిపోయాడు. "అది మా అమ్మ మాట కదక్కా" అని స్టూలు మీద కూలబడి ఏడ్చాడు.

నాకూ ఏడుపొచ్చింది. ఒక చెయ్యి అతని తల మీద వేసి నిమురుతూ నిలబడ్డాను. రెండో చెయ్యి వెనక తలుపు పిడిని పట్టుకునే ఉంది.