మోకరిస్తే లేవలేని కాళ్లు

ఆ ఆదివారం చర్చిలో ప్రభు భోజనం తీసుకోవడానికి మోకరించాను. అందరూ లేచారు, నేను లేవలేకపోయాను. నొప్పి లేదు, కళ్లు తిరగలేదు. కాళ్లు నా మాట వినలేదు, అంతే. కోడలు సునీత చంకల కింద చేతులు పెట్టి లేపింది. భద్రాచలం దగ్గర హాస్టల్లో రిటైరయ్యేదాకా అన్నం గుండిగలు ఒక్కదాన్నే దించిన వంటమనిషిని నేను. సిగ్గుతో చచ్చిపోయాను.

"ముసలితనం గాక ఏంది?" అన్నాడు మా ఆయన. అప్పట్నుంచి నీళ్ల బిందె ఎత్తనివ్వలేదు. మా వైపు నీరసమంటే సెలైన్ ఎక్కించుకోవడం అలవాటు. బలానికని నేనూ వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర సీసా మీద సీసా ఎక్కించుకున్నాను. ఆ పూట హుషారు, మర్నాడు మళ్లీ గోడ పట్టుకుని నడక. చర్చిలో వెనక కుర్చీకి మారాను. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

చివరికి సునీత ఖమ్మం దవాఖానాకు తీసుకెళ్లింది. బ్లడ్ టెస్టులు, ఎముక, కండ ఎంతుందో చూసే డెక్సా స్కాన్, చేతి పట్టు చూసే గ్రిప్ టెస్ట్ చేశారు.

"సార్కోపీనియా. వయసుతోటి కండ కరుగుతది. విటమిన్ డి గూడ తక్కువుంది," అంది డాక్టరమ్మ.

"సెలైన్ పెట్టించుకుంటున్న గద మేడం?"

"అది ఉప్పునీళ్లమ్మా. పని చెప్తెనే కండొస్తది, తింటెనే నిలుస్తది."

"వయసు తగ్గించే ఇంజెక్షన్లున్నయంట, ఫోన్ల చూసిన," అంది సునీత.

"గట్లాంటివి నేను రాయను. ఇంట్ల కుర్చీ ఉందా?"

ఆ కుర్చీలో కూర్చోవడం, చేతులు ఆనించకుండా లేవడం. అదే నా మందు. ఫిజియోథెరపిస్ట్ రబ్బరు బ్యాండ్ లాగించాడు. రోజూ గుడ్లు, పప్పు, పెరుగు. మొదట్లో ఒళ్లు పచ్చిపుండయింది.

కాస్త కుదుటపడేసరికి ఈస్టర్‌కి ముందు నలభై రోజుల శ్రమ దినాలొచ్చాయి. ఏటా లాగే ఉపవాసం పట్టాను. సాయంత్రం గంజి మెతుకులు, గుడ్డు బంద్. ఓపిక లేక వ్యాయామమూ మానేశాను. ఈస్టర్ నాటికి కథ మళ్లీ మొదటికొచ్చింది. పాస్టరమ్మ ఇంటికొచ్చి విని, "అమ్మా, దేవుడు నీ కోపం మానుకోమన్నడు గని, గుడ్డు మానుకోమన్నడా?" అంది. నా నోటి సంగతి తెలిసిన మనిషి మరి.

మళ్లీ కుర్చీ దగ్గర మొదలుపెట్టాను. "వయసు వెనక్కి పోదమ్మా. బలం కొంత వెనక్కొచ్చింది," అంది డాక్టరమ్మ ఈమధ్య. పోయిన నెల ముందు వరసలో మోకరించాను. సునీత చెయ్యి చాపింది. వద్దని తలూపి, మెల్లగా లేచాను. లేచాక ఏడుపొచ్చింది.

మీ ఇంట్లో పెద్దవాళ్లు చేతులు ఆనించి లేస్తుంటే సెలైన్ దగ్గరికి కాదు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ప్రేమ కొద్దీ వాళ్ల చేతిలో బిందె మాత్రం లాక్కోకండి.