సౌండ్ ఆపి చూసిన వీడియో

రిటైరవడానికి తొమ్మిదేళ్ల ముందు, ఒక జనవరి నెలలో, మిషిగన్‌లోని ట్రాయ్‌లో మా స్టూడియో నన్ను మొదటిసారి లీడ్ డిజైనర్‌గా వేసింది. అప్పటికి ఇండస్ట్రియల్ డిజైనర్‌గా పంతొమ్మిదేళ్ల సర్వీసు నాది. నాకంటే వెనక చేరినవాళ్లు ఇద్దరు అప్పటికే లీడ్లయి కూర్చున్నారు. ఆ కడుపుమంట నాకు ఉండేది, దాచుకోవడం ఎందుకు.

మా ఉద్యోగం ఏమిటని ఇప్పటికీ అడుగుతారు. వస్తువు పనిచేసేలా చూసేది ఇంజనీరు. అది మనిషి చేతికీ కంటికీ నడుముకీ ఎలా ఉండాలో తేల్చేది మేము. మా అత్తగారు మాత్రం కడదాకా "అల్లుడుగారు కార్లకి బొమ్మలు వేస్తారు" అనే చెప్పుకున్నారు.

నాకిచ్చిన పని ఒక మినీవ్యాన్ మధ్య వరుస సీటు. వెనక వరుసలోకి ఎక్కాలంటే సీటు పక్కనున్న లివర్ లాగాలి. వీపు ముందుకి మడుచుకుని, సీటు మొత్తం పట్టాల మీద ముందుకి జరుగుతుంది. ఆ లివరూ, దాని చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగూ నేను గీసినవి. ముందు ప్లైవుడ్, ఫోమ్‌తో అసలు కొలతల్లో వ్యాన్ మధ్యభాగం కట్టుకుని, అందులో నిజం స్ప్రింగులున్న సీటు బిగించి, మామూలు మనుషుల చేత వాడించి చూస్తాం. ఆ టెస్ట్ గట్టెక్కితే డిజైన్ ఫ్రీజ్. ఫ్రీజ్ అంటే ఇక ఆకారం మారదు, అచ్చుల కోసం ఉక్కు కోయడం మొదలవుతుంది. ఆ తర్వాత తప్పు బయటపడితే దిద్దడం ఎవరి తరమూ కాదు.

టెస్టుకి మనుషుల్ని ఒక ఏజెన్సీ పంపాలి. వాళ్లు మూడు వారాలు పడుతుందన్నారు, మా చేతిలో ఉన్నది రెండు. అప్పుడు నాకు తెలివి పుట్టింది. ఇలాంటి వ్యాన్లు కొనేదే ఇంట్లో పిల్లలూ పెద్దలూ కలిసి ఉండేవాళ్లు, ట్రాయ్‌లో మన తెలుగు ఇళ్లకేం కొదవ? ఆదివారం నాలుగు ఫోన్లు చేస్తే పదిమంది వస్తారని మా డిజైన్ డైరెక్టర్ కారొల్‌తో అన్నాను. ఆవిడ ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్న మనిషి. తెలిసినవాళ్లు నిజం చెప్పరేమో అని సందేహించింది. నేను ఛాతీ విరుచుకుని, మావాళ్లు ఉన్నదున్నట్టు మొహాన అనేస్తారు అని హామీ ఇచ్చాను. మొహమాటం మీద మనకో సామెత ఉంది, ఇక్కడ రాయదగింది కాదు. ఆ రోజు అది గుర్తొచ్చినా బాగుండేది.

పదకొండు మంది వచ్చారు. చివరగా వచ్చింది నా స్నేహితుడు ప్రసాద్ వాళ్లమ్మ సత్యవతిగారు. రాజమండ్రి నుంచి ఆర్నెల్లకి కొడుకు దగ్గరికి వచ్చారు. నేను పిన్నిగారూ అని పిలిచేవాణ్ని. జరీ చీర కట్టుకుని, పెళ్లికొచ్చినట్టు వచ్చారు. నా చేతిలో అట్ట, దాని మీద ఫారం. పని పూర్తయిందా, ఎక్కడైనా తడబడ్డారా, నోటితో ఏమన్నారు, అన్నవి అందులోని గళ్లు. కారొల్ సీటుకి అవతలి వైపు, పక్కగదిలో గాజు కిటికీ వెనక నిలబడి చూసింది. పైన రెండు కెమెరాలు తిరుగుతున్నాయి.

పదకొండు మందీ బాగుందన్నారు. నా ఫారాల్లో గళ్లన్నీ టిక్కులే. వీడియోలు కూడా చూసి రిపోర్ట్ రాయాలన్నది నియమం. ఎదురుగా నిలబడి చెవులతో విన్నవాణ్ని, మళ్లీ చూసేదేముందిలే అనుకున్నాను. చూడలేదు. రిపోర్ట్ మాత్రం పంపించేశాను. సోమవారం ఫ్రీజ్ మీటింగ్.

దానికి ముందు గురువారం కారొల్ నన్ను గదిలోకి పిలిచి తలుపు వేసింది. తెర మీద సత్యవతిగారి వీడియో నడుస్తోంది, సౌండ్ లేకుండా. సౌండ్ పెట్టనా అన్నాను. నాకు తెలుగు రాదు, నాకెందుకు, చూడు అంది.

చూశాను. పిన్నిగారు కుడిచేత్తో లివర్ లాగారు. లాగుతూ, ఆసరా కోసం ఎడమచేయి సీటు కీలు దగ్గర ఆనించారు. సీటు మడుచుకుంది. ఆవిడ కళ్లు గట్టిగా మూసుకుపోయాయి. భుజం ఒక్కసారి అదిరింది. నెమ్మదిగా చేయి లాక్కుని, వేళ్లు నాలుగూ పమిట చెంగులో చుట్టేసుకున్నారు. తర్వాత తలెత్తి నవ్వారు.

ఆవిడకి మూడడుగుల దూరంలో నేనున్నాను. తల వంచుకుని ఫారం మీద టిక్కు పెట్టుకుంటున్నాను.

ఇక్కడ ఆవిడ ఏమంటోందని కారొల్ అడిగింది. సౌండ్ పెట్టాను. "వెన్నలా జరిగింది బాబూ! ఎంత సుఖంగా ఉందో!" అని పిన్నిగారి గొంతు. కారొల్ మళ్లీ అడిగింది. వెన్నలా జరిగిందంటోంది అని ఇంగ్లీషులో చెప్పాను.

కారొల్ కోప్పడలేదు. నువ్వు మాటలు విన్నావు, నాకు మాటలు తెలియవు కనక చేతులు చూశాను, అంది అంతే. తిట్టినా బాగుండేది. ఆ కీలు సందు పెద్దవాళ్ల వేలినే అలా పట్టేస్తే చిన్నపిల్లల వేళ్ల మాటేమిటి? సోమవారం నేనే సంతకం పెట్టబోతున్నాను. కోటు తగిలించుకుని లేచాను, బయట మంచు కురుస్తోంది.

అటునుంచి అటే ప్రసాద్ ఇంటికి డ్రైవ్ చేసుకుని వెళ్లాను. పిన్నిగారే తలుపు తీశారు. ఎడమచేతి ఉంగరం వేలికి కట్టు. ఇంట్లోవాళ్లకి మాత్రం కారు తలుపు సందులో పడిందని చెప్పారట. కట్టు విప్పి చూపించమంటే చూపించారు. గోరు మొత్తం నల్లబడి, వేలు దోసకాయలా ఉబ్బి ఉంది. వారం రోజులుగా అదే చేత్తో దోసెలు పోస్తున్నారు!

"నొప్పి పుట్టిందని అప్పుడే ఎందుకు చెప్పలేదండీ?" అని దాదాపు అరిచాను.

"చెప్తే నీకు మార్కులు తగ్గవూ? ఆ అద్దం వెనకాల నీ పై ఆవిడ రెప్పవేయకుండా చూస్తోంది. మన పిల్లాడి పరీక్షలో మనమే తప్పిస్తామా?" అన్నారు. ఆ మాట అని, కట్టు మళ్లీ చుట్టుకుంటూ, "ఇంతకీ ప్యాసయ్యావా బాబూ?" అని అడిగారు.

"లేదండీ, ఫెయిలయ్యాను," అన్నాను.

"అయ్యో, నేనేమన్నా తప్పుగా నొక్కానా?" అన్నారావిడ. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

ఆ సాయంత్రం మిగతా పదిమందికీ ఫోన్ చేశాను. ఇంకో ఇద్దరికి వేళ్లు నలిగాయి. ఒకాయన నవ్వుతూ, కొత్త వస్తువు కదా, అలవాటైతే అదే సర్దుకుంటుందనుకున్నా అన్నాడు. శుక్రవారం పొద్దున్న నా రిపోర్ట్ వెనక్కి తీసుకుంటున్నానని, వీడియోలు చూడకుండా రాశానని నేనే రాసి ఇచ్చాను. ఫ్రీజ్ ఆరు వారాలు వెనక్కి పోయింది. లీడ్ పదవి ఇంకొకరికి ఇచ్చారు. నేను ఆ టీములోనే ఉండి కీలు సందు మూసే తొడుగు గీశాను, లివర్ కూడా మళ్లీ గీశాను. అన్యాయం జరిగిందని ఎక్కడా అనలేదు. జరగలేదు కూడా.

రెండో టెస్టుకి ఏజెన్సీ మనుషులే వచ్చారు. పిన్నిగారిని మాత్రం నేను పట్టుబట్టి పిలిపించాను, వేలు మానాక. ఈసారి ఒక అబద్ధమాడాను. "నా సీటు తీసి పారేశారండీ, ఇది ఎవడో కొత్తవాడు చేశాడు, నాకు వాడంటే పడదు," అన్నాను. ఆవిడ కొంగు నడుముకి దోపారు. లివర్ గట్టిగా ఉందన్నారు, వేలికి ఒరుసుకుంటోందన్నారు, రంగు కనపడి చావడం లేదన్నారు, మెట్టు ఎత్తన్నారు. పది నిమిషాల్లో తొమ్మిది తప్పులు చెప్పి, "ఎవడు చేశాడో గానీ బుర్రలేదు వాడికి," అని తేల్చేశారు. "నోటితో ఏమన్నారు" అన్న గడిలో ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకున్నాను. ఆ తొమ్మిదిలో ఐదు సరిదిద్దాకే ఉక్కు కోశారు.

తర్వాతి తొమ్మిదేళ్లలో మళ్లీ లీడ్‌గా రెండు ప్రాజెక్టులు చేశాను. ప్రతి టెస్ట్ వీడియో ముందు సౌండ్ ఆపి చూశాను, తర్వాతే విన్నాను. నా ఇంట్లో భోజనం చేసినవాళ్లని టెస్టుకి పిలవలేదు, పిలవక తప్పనప్పుడు వస్తువు నాది కాదని చెప్పాను. మనల్ని బాగా చూసుకునేవాళ్లు మన పనిని సరిగ్గా చూడలేరు. ఆ సంగతి తెలుసుకోవడానికి నాకు పంతొమ్మిదేళ్ల సర్వీసు చాల్లేదు. సత్యవతిగారి ఉంగరం వేలి గోరు కూడా పోవలసి వచ్చింది.