ఆఖరి భాగం ఉదయగిరిలో ఉంది

నవలను కత్తితో కోశానని చెబితే ముఖం చిట్లించుకునేవాళ్ళు చిట్లించుకోండి. నేనే కోశాను. ఆత్మకూరులో మా కిరాణా కొట్టు వెనక గదిలో కూర్చుని, బియ్యం బస్తాల కుట్టు విప్పే కత్తితో, నలుగురికీ తలా ఒక భాగం వచ్చేట్టు కోశాను. పుస్తకం ఒకటే ఉంది, చదవాల్సినవాళ్ళం నలుగురం. ఇంకేం చేయమంటారు?

ఇది మాకు కొత్త పనేం కాదు. చిన్నప్పుడు వారపత్రిక ఇంటికొస్తే ముందు సీరియల్ పేజీలు చించేవాళ్ళం. వారం వారం చించి బియ్యం డబ్బా కింద దాచి, కథ అయిపోయాక దబ్బనంతో కుట్టి, అట్ట వేసి పుస్తకం చేసుకునేవాళ్ళం. బడి పుస్తకాలకు లేని అట్ట దీనికి కావాల్సొచ్చిందా అని మా నాయన అరిచేవాడు. ఇప్పుడు దాన్నే తిరగేశాం. కుట్టిన పుస్తకాన్ని విప్పి సీరియల్ చేశాం. ఎవరి భాగం వాళ్ళింట్లో ఉంటుంది. మంగళవారం వాళ్ళే తెచ్చి పైకి చదవాలి. ఇంట్లో ముందుగా చదివేసుకోకూడదు. ఆ మనిషి రాకపోతే ఆ వారం కథ లేదు.

నలుగురం ఆత్మకూరు బళ్ళో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళం. పేర్లు రాయొద్దని ముగ్గురూ నా చేత ఒట్టు వేయించుకున్నారు కాబట్టి ఊళ్ళ పేర్లతోనే చెబుతాను. సంగం మనిషి టీచరుగా చేసి రిటైరయింది. అనుమసముద్రంపేట మనిషికి దర్గా దగ్గర చాదర్లు, అత్తర్లు అమ్మే చిన్న అంగడి ఉంది. గురు, శుక్రవారాలు దానికి గిరాకీ, అందుకే మంగళవారం పెట్టుకున్నాం. మా కొట్టుకు కూడా ఆ రోజే సెలవు. ఇక ఉదయగిరి మనిషి. పెద్ద సేద్యం ఉన్న ఇల్లు, రాజకీయాల్లో తిరిగే కొడుకు. మాలో ఆత్రం ఆపుకోగలిగింది అదొక్కతే. మిగతా ముగ్గురం ఆఖరి పేజీ ముందే చూసేసే రకం. అందుకని ఆఖరి భాగం దాని చేతికిచ్చాం.

నవల ఒక ముసలామె గురించి. కుట్టుమిషను మీద పిల్లల్ని పెంచిన మనిషి. వయసైపోయింది, ఇంక కూర్చోమ్మా అని ఇంట్లో అందరూ ప్రేమగా చెప్పి, ఆ మిషనును అటక మీదికి ఎక్కించేస్తారు. కోపంగా చెప్పి ఉంటే ఆమె తిరగబడేదే. ప్రేమగా చెప్పడంతో నోరు పడిపోయింది. ఆ పేజీలు చదివేటప్పుడు మా నలుగురికీ ఒకేసారి ఒళ్ళు మండింది. ఎందుకంటే మా అందరి ఇళ్ళలోనూ ఎవరో ఒకరు ఏదో ఒకటి అటక ఎక్కిస్తూనే ఉన్నారు. నా కోడలు నన్ను గల్లాపెట్టె దగ్గర్నుంచి లేపాలని చూస్తోంది. పేట మనిషిని అంగడి అల్లుడికి అప్పజెప్పమంటున్నారు. సంగం మనిషి స్కూటీ తాళాలు వారంలో రెండుసార్లు కనపడకుండా పోతుంటాయి.

మిగతా భాగాలు అయిపోయాక ఒక మంగళవారం ఉదయగిరి మనిషి ఆఖరి భాగం మొదలుపెట్టింది. వాళ్ళ ఊళ్ళో చెక్కతో స్పూన్లు, ఫోర్కులు చెక్కుతారు గదా, అలాంటి సన్నటి చెక్క స్పూను ఒకటి దానికి పేజీ గుర్తు. కథలో మధ్యాహ్నం ఇంట్లో అందరూ పడుకుంటారు. ముసలామె అటకకు నిచ్చెన వేసి మొదటి మెట్టు మీద కాలు పెడుతుంది. అక్కడికి బస్సు టైమైంది. అది పేజీల మధ్య స్పూను పెట్టి మూసేసింది.

“ఒక్క పేజీ సదవవే, సచ్చిపోతుండాం ఈడ,” అంది పేట మనిషి.

“మీరేం సావరు గానీ, వచ్చే మంగళవారం దాకా నిచ్చెన పట్టుకోనుండండి,” అని నవ్వుతూ బస్సెక్కింది.

ఆ సాయంత్రమే ఉదయగిరిలో బస్సు దిగుతూ మెట్టు తప్పి పడింది. మోకాలు గీరుకుపోయింది, అంతే. ఎముక విరగలేదు, కుట్లు పడలేదు. కానీ ఎవరో కొడుక్కు చెప్పారు. ఆయన ఇంటికొచ్చి, ఇంక ఊళ్ళు తిరగడం చాలమ్మా, నీకేం కావాలన్నా ఇంటికే తెప్పిస్తా అన్నాడు. సరేలే వీడి మాట వీడిది అనుకుని, తర్వాతి మంగళవారం ఇది మామూలుగా తయారై బస్టాండుకు పోయింది.

అక్కణ్ణుంచే నాకు ఫోన్ చేసింది. దాని గొంతు అలా వినడం నాకదే మొదలు.

“మే, నన్ను బస్సు ఎక్కించుకోలేదే.”

“ఏంది? ఎవురు ఎక్కించుకోలేదు?”

“కండక్టరు. నువ్వెక్కొద్దులేమ్మా, అన్న మాకు చెప్పినాడు అంటుండాడు. డ్రైవరుకీ చెప్పినాడంట. బస్టాండులో జనమంతా చూస్తుండంగా నన్ను దించినారు మే.”

చెప్పొద్దూ, నాకు కోపమొచ్చింది. వాళ్ళ కొడుకు మంచివాడే. తల్లి మందులు టైముకు తెప్పిస్తాడు, పండక్కి చీర తెస్తాడు. కానీ ఆ ఊళ్ళో ఆయన మాటకు ఎదురు చెప్పేవాళ్ళు లేరు. ఆ మాటను తీసుకెళ్ళి బస్సు మెట్ల మీద కాపలా పెట్టాడు. తప్పిపోయిన గేదె గురించి నలుగురికీ చెప్పినట్టు, మా అమ్మ కనపడితే ఎక్కించుకోవద్దని చెప్పాడు. ఆ వారం మేం ముగ్గురం కొట్టులో టీ తాగి, ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకుని ఇళ్ళకు పోయాం.

తర్వాతి మంగళవారం ఉదయగిరి బస్సు మా కొట్టు ముందు ఆగింది. కండక్టరు కిటికీలోంచి మందుల షాపు కవరు ఒకటి అందించాడు. “అన్న పంపినాడమ్మా,” అన్నాడు. విప్పి చూస్తే మా నవల ఆఖరి భాగం. రబ్బరు బ్యాండు వేసి ఉంది. స్పూను లేదు.

స్పూను లేదంటే ఇది దాని చేత్తో పంపింది కాదని ముగ్గురికీ తెలిసిపోయింది. ఇంతలో కొడుకు ఫోను.

“పిన్నీ, బుక్కు అందిందా? ఇంక మీరు ఆడనే హాయిగా సదువుకోండి. అమ్మ ఈ పుస్తకం కోసమే గదా అంతదూరం వస్తుండేది. ఆమెకు రెస్టు కావాల. కావాలంటే వీడియో కాల్ పెట్టిస్తా, ఇంట్లో కూర్చోని వింటాది.”

పాపం, ఆయన లెక్క ఆయనది. పుస్తకం ఆత్మకూరు చేరిపోతే తల్లికి ఆత్మకూరుతో పనేముంది అనుకున్నాడు. మంచి పని చేశాననే అనుకుని ఉంటాడు.

ఆఖరి భాగం బల్ల మీద పెట్టుకుని ముగ్గురం చుట్టూ కూర్చున్నాం. అబద్ధం ఎందుకు చెప్పాలి, చేతులు దురద పెట్టాయి. రెండు వారాలుగా ఆ ముసలామె నిచ్చెన మొదటి మెట్టు మీదే నిలబడి ఉంది.

“ఒక్క పేజీ చూస్తే దానికేం తెలస్తాది మే?” అంది పేట మనిషి.

“దానికి తెలీదు. మనకి తెలస్తాది,” అంది సంగం మనిషి.

నేను లేచి పురికొస తెచ్చాను. చక్కెర పొట్లానికి కట్టినట్టు ఆ కాగితాల కట్టను అడ్డంగా, నిలువుగా చుట్టి ముడి మీద ముడి వేశాను. కొట్టు తాళాలు బొడ్లో దోపుకున్నాను. “పదండే. కథ చెప్పే మనిషి రాకపోతే కథ దగ్గరికి మనమే పోదాం,” అన్నాను. “మోకాళ్ళు?” అంది సంగం మనిషి. “అవి కూడా వస్తాయిలే,” అన్నాను. తరువాతి బస్సుకే బయల్దేరాం.

మేం పోయేసరికి అది కోటకొండ కనపడే వైపు వరండాలో, కొడుకు కొత్తగా కొన్న వాలుకుర్చీలో కూర్చుని ఉంది. అంత మెత్తటి కుర్చీలో అది అంత చిన్నగా కనపడుతుందని నేను అనుకోలేదు. మమ్మల్ని చూసి లేవబోయి, నా చేతిలోని కట్ట చూసి ఆగింది.

“సదివినారా?”

“లేదు.”

“ఒట్టు?”

“ముడి చూడు.”

ముడి తడిమి చూసింది. అప్పుడు ఏడ్చింది. మా బళ్ళో లెక్కల అయ్యవారు బెత్తం విరిగేలా కొట్టినప్పుడు కూడా ఏడవని మనిషి. ఏడుస్తూనే నడుము దగ్గర దోపుకున్న చెక్క స్పూను బయటికి తీసింది.

“నేను నిద్రపోతుంటే దిండు కిందనించి తీసకపోయినాడు మే. ఈ స్పూను తీసి నేల మీద పారేసినాడు. గుర్తు అని కూడా తెలీదు వాడికి.”

“ఇప్పుడు ఈడనే సదువు,” అంది పేట మనిషి. “ముగ్గురం వచ్చినాం గదా.”

అది కళ్ళు తుడుచుకుని వాలుకుర్చీ వైపు, మా వైపు చూసింది. “ఈ కుర్చీలో కూర్చోని సదివితే వాడు గెలిచినట్టే. ఈడ సదవను. ఆత్మకూరులోనే సదువుతా,” అంది.

కోడలు అందరికీ మజ్జిగ తెచ్చింది. గ్లాసులు తీసుకుపోయి, అత్తగారి చెప్పులు తెచ్చి మెట్ల దగ్గర పెట్టింది. “అత్తా, ఆధార్ కార్డు బ్యాగులో పెట్టినా,” అని లోపలికెళ్ళిపోయింది. ఆడవాళ్ళకు టికెట్టు లేని బస్సు గదా, ఆ కార్డు చూపిస్తే చాలు. ఆ పిల్లంటే నాకు ఆ రోజు పుట్టిన అభిమానం ఇప్పటికీ తగ్గలేదు.

బస్టాండులో ఆత్మకూరు మీదుగా నెల్లూరు పోయే బస్సు నిలబడి ఉంది. ముగ్గురం మా మనిషిని మధ్యలో పెట్టుకుని ఎక్కాం. కండక్టరు మొహం చిన్నబోయింది.

“అమ్మా, నన్ను ఇరికించొద్దు. అన్న కోప్పడతాడు.”

“ఆమెను దించాలంటే ముందు నన్ను దించాల,” అన్నాను. “నన్ను దించాలంటే నలుగురు మొగోళ్ళు కావాల. చూస్తుండావు గదా నా ఒళ్ళు.”

బస్సంతా నవ్వింది. కండక్టరు ఫోను తీశాడు. బస్సు కదలలేదు. జనం విసుక్కోవడం మొదలుపెట్టారు, ఎవరో హారన్ కొట్టమన్నారు. కాసేపటికి కొడుకు బండి మీద వచ్చి బస్సు పక్కన ఆపాడు. కోపం కంటే సిగ్గు ఎక్కువగా ఉంది ఆయన ముఖంలో.

“అమ్మా, దిగు. నలుగురూ చూస్తుండారు.”

“చూడనీరా.”

“మళ్ళీ పడితే ఎవురు దిక్కు? నీ కాళ్ళు ముందు మాదిరి లేవమ్మా. చెబితే అర్థం చేసుకో.”

కిటికీ పక్కన కూర్చున్న మా మనిషి మెల్లగా చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి లాగి, మోకాలి కింద ఆరిపోతున్న దెబ్బ దగ్గర్నుంచి పాదాల దాకా చూసుకుంది. తర్వాత బస్టాండంతటికీ వినపడేట్టు అంది: “ఎలక్షన్లప్పుడు ఈళ్ళందరి ముందరే గదరా ఈ కాళ్ళు మొక్కి ఫోటో దిగినావు. మొక్కేదానికి పనికొచ్చిన కాళ్ళు బస్సెక్కేదానికి పనికిరాలేదా అబ్బయ్యా?”

ఎవరూ నవ్వలేదు. ఆయన తల వంచుకున్నాడు. కండక్టరు వైపు చూసి పోనీమన్నట్టు చెయ్యి ఊపాడు. “దిగేటప్పుడు చూసి దిగమ్మా,” అన్నాడు. ఆ మాటతో నాకు ఆయన మీద ఉన్న కోపం సగం పోయింది. మిగతా సగం ఇంకా ఉంది, ఉంచుకుంటాను.

ఆత్మకూరు దాకా ఎవరాగుతారు? ఊరు దాటగానే ముడి విప్పింది. నా ముడి గట్టిది, పళ్ళతో లాగాల్సొచ్చింది. ఇంజను మోతలో, కుదుపుల్లో గట్టిగా చదవడం మొదలుపెట్టింది. ముందు సీట్లో ఆకుకూరల బుట్ట పెట్టుకున్న ఆమె కూడా వెనక్కి తిరిగి వింది. నవల్లో ముసలామె రెండో మెట్టు ఎక్కుతుంది. ఆయాసం వస్తుంది. ఆగి ఆలోచిస్తుంది. నాకింక ఎందుకీ ఆరాటం అనుకుని దిగిపోతుంది. మిషను మనవరాలికి ఇచ్చేసి, జపమాల తీసుకుని, మనసు తేలికపడి, కిటికీ దగ్గర కూర్చుంటుంది. అయిపోయింది.

“తూ,” అంది ఆకుకూరలామె.

“ఇది రాసినోడికి ఎంత వయసుంటాది?” అంది ఉదయగిరి మనిషి. ఆఖరి భాగానికి వెనక అట్ట ఉంది గదా, తిప్పి చూశాం. ఫోటోలో కుర్రాడు. గడ్డం కూడా ఇంకా సరిగ్గా రాలేదు. “అబ్బయ్యా,” అంది అది ఆ ఫోటోతో, “నువ్వు మా వయసుకొచ్చినాక ఈ ఆఖరి పేజీ మళ్ళీ రాయి. అప్పటికి మేముంటే సదువుతాం.” నవ్వి నవ్వి సంగం మనిషికి దగ్గొచ్చింది.

ఆ రాత్రికి అది మా ఇంట్లోనే ఉంది. పొద్దున కొట్టు తీస్తుంటే దాని ఫోను మోగింది. కొడుకు గొంతు నాకూ వినపడింది. “అమ్మా, బుక్కు అయిపోయింది గదా. ఇంక వచ్చే వారం పనేమీ లేదు గదా?” అది నా వైపు చూసింది.

నేను బల్ల కింద నుంచి కొత్త నవల తీశాను. మొన్నటి దానికి రెండింతల లావుంది. బస్తా కత్తితో వెనక నుంచి కుట్టు తెంచి, ముందుగా ఆఖరి భాగం విడదీసి దాని చేతిలో పెట్టాను. అది చెక్క స్పూను అందులో దోపి, ఫోనులోకి చెప్పింది: “ఉండాది నాయనా. శానా పనుండాది.”