గంజి పెట్టిన లంగోటి

ఇయ్యాల టీవీల కుస్తీ చూస్తుంటె మా అన్న మతికొచ్చిండు. మా ఈడోళ్లకు జాతర కుస్తీలు యాదికున్నయా?

మోత్కూర్ల మాది మగ్గాల ఇల్లు, ఎటు జూసినా నూలుకు పెట్టె గంజి వాసనే. అన్న మొదటి పెద్ద కుస్తీకి బాపు కొత్త లంగోటి నేసిండు. నేను దాన్ని ఉతికి, అలవాటుకొద్ది గంజి పెట్టిన. ఎండినంక అట్టలెక్క బిరుసైంది. ఇంకోటి లేదాయె, మళ్ల ఉతికి ఆరేద్దామంటె యాళ్ల లేదాయె. నాకు ఒకటే ఫికర్.

"అన్నా, నావల్లనే ఓడిపోతవేమో" అని ఏడ్చిన.

"ఊకో పిల్లా, ఓడితె నీ పేరే చెప్త" అని నవ్విండు.

బరిల అచ్చంపేట పహిల్వాన్ అన్న లంగోటి పట్టి ఎత్తబోయిండు. బిరుసు బట్టకు పట్టు దొరకలే, చేతి ఏళ్లు జారినయి. అంతే, అన్న ఆయనను ఎల్లెలకల పడేసిండు!

తర్వాత అన్న జిల్లాల పేరువడ్డ పహిల్వాన్ అయిండు. అయినా ప్రతి కుస్తీకి ముంగట లంగోటి నా చేతికే ఇచ్చెటోడు.

"చెల్లె, గంజి జర చిక్కగ పెట్టు."