ఎవరి చెవిలో ఎవరెంత

మా ఆయనకు సంగీతం రాదు. కూనిరాగం తీస్తే ఒంట్లో బాగాలేదేమోనని నేనే హడలిపోతాను. అయినా ఆ నలుగురి బ్యాండు ఊరూరా మోగినన్నాళ్ళూ దాని చప్పుడంతా ఆయన చేతుల మీదుగానే జనంలోకి పోయింది. అంతకుముందు టేప్ రికార్డర్లు బాగుచేసే కొట్టు ఉండేది ఆయనకు. కొట్టు వెనక షెడ్డు ఖాళీగా కనపడితే, సాధన చేసుకుంటామని ఆ కుర్రాళ్ళు వచ్చి అడిగారు. ఆయన సరేనన్నారు. నన్నొక మాట అడగలేదు. ఏది మాత్రం నన్నడిగి చేశారు కనక?

పాడేవాడిని రాజావారు అనేవాళ్ళం. అందరికంటే ఆఖరున వచ్చి, అందరికంటే ముందు అలిసిపోయేవాడు. గిటారు వాయించేవాడు బక్కోడు. పాటలు కట్టేది ఆ ఇద్దరే, ఒకే కంచం ఒకే మంచం అన్నట్టు తిరిగేవాళ్ళు. డ్రమ్ములవాడూ ఇంకో గిటారువాడూ పాపం తలొంచుకుని తమ పని తాము చేసుకుపోయేవాళ్ళు.

ఆ షెడ్డులో ఉన్నది ఒక్కటే స్పీకరు, మా ఆయన పాత సామాన్లతో అతికించింది. దాన్ని నేల మీద పెట్టుకుని నలుగురూ ముందు నిలబడేవాళ్ళు. అందరిదీ కలిపే వినపడేది. పక్కవాడు వినపడకపోతే తాను కాస్త తగ్గాలి, వేరే దారి లేదు. గోడకివతల నా కుట్టుమిషను బల్ల అదిరిపోయి కుట్లు వంకర్లు పోయేవి. ఆ జాకెట్లన్నీ విప్పి మళ్ళీ కుట్టేటప్పుడు నేను తిట్టిన తిట్లు పాటగా కడితే అదీ హిట్టయ్యేదే.

నా గొంతు పెంచమని రాజావారు, నా గిటారు పెంచమని బక్కోడు మా ఆయన ప్రాణం తీసేవాళ్ళు. అందుకని ఆయన సౌండు పెంచి తగ్గించే బోర్డు మీద దేనికీ తగిలించని మీట ఒకటి ఉంచుకున్నారు. ఎవరడిగినా ఎంతో గంభీరంగా దాన్ని కాస్త పైకి తోసేవారు. ఆ, ఇప్పుడు బాగుంది అనేవాళ్ళు వీళ్ళు. సౌండు పని చేసేవాళ్ళందరూ చేసేదేనట. ఆ సంగతి నాకు చెప్పి, పొట్ట పట్టుకుని నవ్వేవారు.

తరవాత వాళ్ళ పాట ఒకటి జనాన్ని పట్టుకుంది. బస్సుల్లో అదే, పెళ్ళిళ్ళలో అదే, మా వీధిలో పళ్ళు తోముకునేవాళ్ళ నోట్లోనూ అదే. కొట్టు మూతపడింది. మా ఆయన ఒక ఊళ్ళో పడుకుని ఇంకో ఊళ్ళో లేచేవారు. పిల్లను బళ్ళో వేసిన రోజు ఆయన ఎక్కడున్నారో నాకే తెలీదు. ఇంటికొచ్చినా కుర్చీలో కూలబడి గోడవంక చూస్తుండేవారు. నేను రెండోసారి గట్టిగా పిలిస్తే గాని పలికేవారు కాదు.

పెద్ద మైదానాల్లో జనం అరుపులకు నేల మీది స్పీకరు చాలలేదు. ఒక్కొక్కరికీ విడివిడిగా ఇయర్‌ఫోన్లు వచ్చాయి. తన చెవిలో ఎవరెంత వినపడాలో ఎవరికి వాళ్ళే, నడుముకు కట్టుకున్న చిన్న పెట్టె మీద తిప్పుకోవచ్చు. ఎవరు ఎంత పెట్టుకున్నారో మా ఆయన ముందున్న తెర మీద గీతలుగా కనపడుతుంది.

ఒకసారి నేనూ వెంట వెళ్ళాను. మధ్యాహ్నం అంతా సరిచూసుకునే వేళ ఆయన నన్ను పిలిచి ఆ తెర చూపించారు. రాజావారి చెవిలో బక్కోడి గీత అడుక్కంటా దిగిపోయి ఉంది. బక్కోడి చెవిలో రాజావారిదీ అంతే. ఫలానా పాట నాదంటే నాదని, ఫోటోలో నేను ముందంటే నేను ముందని ఇద్దరికీ ఏడాదిగా మాటల్లేవు. ఆ సంగతి నాకు తెలుసు గాని, పక్కపక్కన నిలబడి ఒకడినొకడు వినకుండానే నెట్టుకొస్తున్నారని తెలీదు.

"మరి జనానికి తెలీదా?" అన్నాను.

"జనానికి నేను కలిపి వినిపిస్తున్నాను కదా" అన్నారు.

ఈ బ్యాండు విడిపోతే నేను బతికి చేసిన పనంటూ ఏమీ మిగలదు, ఎలాగైనా వీళ్ళని ఒకచోట ఉంచాలి అన్నారు.

ఎన్నాళ్ళు ఉంచుతారు? ఒక కచేరీలో పాట మధ్య బక్కోడి గిటారు వైరు ఊడిపోయింది. గిటారు మూగబోయింది. రాజావారు తల కూడా తిప్పకుండా కళ్ళు మూసుకుని పాడుకుంటూనే పోయాడు. బక్కోడు అతనివంక కాసేపు చూశాడు. గిటారు కింద పెట్టి, స్టేజీ దిగి వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకు మా వంటింట్లోకి వచ్చి కూర్చున్నాడు. నేనిచ్చిన కాఫీ ముట్టలేదు.

"అన్నా, నిజం చెప్పు. వాడి చెవిలో నేనెంత ఉన్నాను?"

"సగం పైనే ఉన్నావురా. ఎప్పుడూ అంతే. ఆ రోజు వాడి పెట్టె చెడిపోయింది" అన్నారు మా ఆయన, మొహంలో ఏ మార్పూ లేకుండా.

బక్కోడు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. "నేను వాడిని పూర్తిగా తీసేశానన్నా" అని ఏడ్చాడు. అతను వెళ్ళాక మా ఆయన ఉత్సాహం చూడాలి. ఇక చూడు, తిన్నగా వాడి దగ్గరికే వెళ్తాడు అన్నారు.

బక్కోడు వెళ్ళలేదు. మరో వారంలో రాజావారు వచ్చి అదే కుర్చీలో కూర్చుని, బక్కోడి చెవిలో తానెంతని అదే ప్రశ్న అడిగి, సగం పైనేనని అదే జవాబు విన్నాడు. "వాడికి ఇంక ఏ మొహం పెట్టుకుని కనపడను వదినా" అని నాతో అని, వెళ్ళిపోయాడు.

నాకు ఒళ్ళు మండింది. ఇద్దరూ దొందూ దొందే అని ఉన్నదున్నట్టు చెప్పి ఉంటే, నాలుగు బూతులు తిట్టుకుని మళ్ళీ కలిసేవాళ్ళు. తప్పు తనదొక్కడిదే అనుకునేవాడు ఏ గడప తొక్కుతాడు, ఇప్పుడైనా ఫోన్ చేసి చెప్పండి అని అరిచాను. ఆయన ఫోన్ చేతిలోకి తీసుకున్నారు. నంబరు సగం నొక్కి, పక్కన పెట్టేశారు.

"చెబితే వాళ్ళు కలుస్తారో లేదో నాకు తెలీదే. అవతలివాడు నన్ను విన్నాడనే తృప్తి మాత్రం ఇద్దరికీ పోతుంది" అన్నారు.

మొన్న టీవీలో ఆ ఇద్దరితో విడివిడిగా మాట్లాడించారు. బ్యాండు ఇక లేదని చెప్పారు. తప్పంతా నాదే, వాడు ఆఖరిదాకా నన్ను వింటూనే ఉన్నాడు అని బక్కోడన్నాడు. కాసేపటికి రాజావారూ అదే మాటన్నాడు. ఎంత గొప్ప మనసులండీ అని ఆ అడిగే అమ్మాయి కళ్ళొత్తుకుంది.

"చూశావా, ఒకడి గురించి ఒకడు ఎంత బాగా చెప్పాడో" అన్నారు మా ఆయన.

బాగానే చెప్పారు. అది నిజం కాదని తెలిసినవాళ్ళం లోకంలో మేమిద్దరమే. నోటిదాకా వచ్చిన మాట మింగేసి, అవునండీ అన్నాను.