చాయ్ వద్దన్న కంపౌండర్

మా దేవరకొండ దిక్కు చాయ్ వద్దన్నోన్ని ఎవరూ నమ్మరు. పశువుల దవాఖాన కంపౌండర్ చాయ్ వద్దన్నడు, మజ్జిగ గూడ వద్దన్నడు. వానలు మొదలుగాకముందే వచ్చి, గొర్లకు చిటుక రోగం రాకుండ పైసా తీసుకోకుండ ఊకెనే సూది ఇస్తనన్నడు. మా ఇల్లు నడిచేదే ఆ మంద మీద. బాపుకు అనుమానం ముదిరింది. మంచి గొర్లను గుట్ట ఎనక దాచి, ముసలియి, కుంటియి తెచ్చి నిలబెట్టిండు.

కంపౌండర్ సూది గుచ్చిన చోటల్లా బొటనవేలితో రుద్దుకుంట, ప్రతి గొర్రెకూ "అయిపాయె బిడ్డా, అయిపాయె" అని చెప్పిండు. తర్వాత మా దిక్కు తిరిగి, "మిగిలినయి గూడ తోలుకరాండ్రి" అన్నడు.

"ఇంకేడున్నయి సారూ? గివే" అన్నడు బాపు.

వానలు పడంగనే రోగం వచ్చింది. గుట్ట ఎనక దాచినయి చాన పోయినయి. ముసలియి, కుంటియి నిమ్మళంగ మేసినయి. ఆ యేడు మందను కాసుడు మాకు చాన సులువైంది.

మరుసటేడు కంపౌండర్ మా ఊరికి రాకముందే, బాపు మందనంత దవాఖానకు తోలిండు. కంపౌండర్ మొదటి గొర్రెను పట్టుకోంగనే బాపు నా చెవుల మెల్లగ అన్నడు:

"జర కనిపెట్టుకోని ఉండురా. సర్కారు మనిషి గింత మంచిగ పనిచేస్తాండంటే, ఏదో ఉండే ఉంటది."