వేలిముద్ర పక్కన సంతకం

పోయిన వారం దిల్‌సుఖ్‌నగర్‌లో కొత్త ఫోను కొనుక్కున్నాను. పాతది మాట మధ్యలో ఆగిపోతుంటే, ఇంగ్లండు నుంచి మా ఆడపడుచు పోరగా పోరగా ఇక తప్పింది కాదు. దుకాణంలో అమ్మాయి ఫోను నా ముందు పెట్టి, "అమ్మా, గిక్కడ బొటనవేలు పెట్టున్రి" అన్నది. నేను చప్పున చెయ్యి వెనక్కి తీసుకుని, "నాకు సంతకం వస్తది బిడ్డా" అన్నాను. ఆ పిల్ల పకపకా నవ్వింది. ఇది ఫోను తాళమనీ, వేలు పెడితేనే తెరుచుకుంటుందనీ చెప్పి, తన ఫోను కూడా అట్లాగే తెరిచి చూపించింది. చుట్టూ చూస్తే, మెడలో కార్డు వేలాడేసుకున్న ఉద్యోగస్థులు, పుస్తకాల సంచీలతో కోచింగుకు పోయే ఆడపిల్లలు, అందరూ బొటనవేళ్ళు పెట్టి తెరుచుకునేవాళ్ళే. వేలిముద్ర అనే మాట ఒకప్పుడు ఎంత పెద్ద తిట్టో నా ఈడు వాళ్ళకు నేను చెప్పనక్కరలేదు.

అప్పటి నుంచి మనసు ఒకచోట నిలవడం లేదు. కూర్చుంటే లేవాలని, లేస్తే ఎటైనా నడవాలని ఉంది. ఇటువంటి కుదురులేనితనం నాకు ఇంతకు ముందు ఒక్కసారే పట్టుకుంది. కరోనాకు రెండు మూడేళ్ళ ముందు, మా ఆడపడుచు వీసా కాగితాలు తిరుగుతున్న రోజుల్లో.

నేను కాపురానికి వచ్చేనాటికి నాకు పదహారేళ్ళు నిండలేదు, మా ఆడపడుచుకు ఆరేళ్ళు. తల్లి లేని పిల్ల. నల్లగొండ దగ్గరి పల్లెలో బడికి పోనని కాళ్ళు కొట్టుకుని ఏడిస్తే చంకనేసుకుని తీసుకుపోయి, తిరిగి వచ్చేదాకా కిటికీ కింద అరుగు మీద కూర్చునేదాన్ని. లోపల పిల్లలందరూ గొంతు కలిపి అక్షరాలు అరుస్తుంటే అవి నా చెవిన పడేవి గాని కంట పడేవి కావు. అట్లా వర్ణమాల మొత్తం నాకు పాటలాగా నోటికి వచ్చేసింది, ఏది 'క'యో ఏది 'త'యో మాత్రం తెలియదు.

తర్వాత బత్తాయి లారీ వెంట మేమూ పట్నం చేరాము. కొత్తపేట పండ్ల మార్కెట్టులో నా భర్త హమాలీ పనిలో చేరి, కొన్నాళ్ళకు ట్రాలీ ఆటో కొనుక్కున్నాడు. నేను గడ్డి పరిచిన నేల మీద కూర్చుని బత్తాయిలను పెద్దవి, నడిమివి, చిన్నవి అని ఏరేదాన్ని. పిల్లలు కలగలేదు. ఆ సంగతి ఇంతటితో వదిలేస్తాను. మా ఆడపడుచు చదువుకుని మందుల కంపెనీలో ఉద్యోగం తెచ్చుకుంది. పెళ్ళి చేశాము గాని నాలుగేళ్ళు కూడా నిలవలేదు, చంపాపేటలో మేముండే కిరాయి ఇంటికే తిరిగి వచ్చింది. ఎవరి మీదా నేరం చెప్పలేదు. మరుసటి సోమవారం టిఫిను డబ్బా కట్టుకుని ఆఫీసుకు పోయింది, అంతే.

నా భర్త పోయాక బ్యాంకు ఖాతా నా పేరు మీదకు మార్చుకునేటప్పుడు అక్కడి గుమాస్తా తల కూడా ఎత్తకుండా సిరా డబ్బా నా వైపు తోశాడు. ముద్ర వేసి, మా పెద్దవాళ్ళందరి లాగానే వేలి సిరా తల వెంట్రుకలకు తుడుచుకున్నాను. పక్కనున్న ఆడపడుచు అది చూసింది. ఆ సాయంత్రమే పలక కొని తెచ్చింది. యాభై దాటిన నన్ను కూర్చోబెట్టి, ఒకప్పుడు తాను ఏడ్చిన అక్షరాలనే నా చేత దిద్దించింది. పలక మీద నేర్చింది రోడ్డు మీద అప్పజెప్పించేది. నేను తప్పు లేకుండా మొదటిసారి చదివిన బోర్డు బస్సు మీది 'ఎల్.బి.నగర్'. చదివేలోపల బస్సు పోయింది గాని, చదివాను. సంతకం కుదరడానికి ఇంకో ఆరు నెలలు పట్టింది. నా పేరు చివర మ కింద మవత్తు ఉంది, అది ఎప్పుడూ పక్కకు జారిపోయేది, చంకలోంచి జారే పిల్లలాగా.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, వీసా సంగతి దీనికే ముడిపడి ఉంది. నలభై అయిదేళ్ళ వయసులో ఒకరోజు మా ఆడపడుచు ఉద్యోగం మానేస్తాననీ, ఇంగ్లండులో సొంతంగా కన్సల్టింగు కంపెనీ పెడతాననీ చెప్పింది. దిల్‌సుఖ్‌నగర్‌లో కన్సల్టెన్సీ అంటే పిల్లలను విదేశాలకు పంపించే ఆఫీసు, ప్రతి మెట్ల దారి దగ్గరా ఒక బోర్డు ఉంటుంది. మరి ఇక్కడే పెట్టుకోవచ్చు కదా అన్నాను. అది కాదట. మందులు ఎండకు, తేమకు చెడిపోకుండా ఎక్కడ దాచాలో, ఎట్లా పంపాలో కంపెనీలకు సలహా చెప్పే పనట.

"సలహా చెప్తే పైసలిస్తరా? మనూళ్ళె ఊకెనే చెప్తరు గదనే" అన్నాను.

"ఊకెనే చెప్తరు గాబట్టే ఎవ్వలు ఇనరు వదినా. పైసలిస్తే ఇంటరు" అన్నది.

చదువుకు పోయేవాళ్ళకు ఒక వీసా, ఉద్యోగానికి పోయేవాళ్ళకు ఒకటి, సొంత పెట్టుబడితో వ్యాపారం పెట్టేవాళ్ళకు వేరే ఒకటి ఉంటుందని అప్పుడే తెలిసింది. ఆ పెట్టుబడి ఎంతో చూపిస్తే చాలదు, అది ఏ చేతి నుంచి ఏ చేతికి వచ్చిందో మొత్తం పుట్టు పూర్వోత్తరాలు చూపించాలి. ఆమె కూడబెట్టింది సగానికే వచ్చింది. నాదర్‌గుల్ వైపు నా పేరు మీద ఒక ప్లాటు ఉండేది. పైన విమానాలు నడపడం నేర్చుకునేవాళ్ళు గిరగిర తిరుగుతుండే చోట, ఎవరూ కొనని రోజుల్లో నా భర్త కొన్నాడు. నీ పేరున ఉంటే తాగిన రోజున నేను అమ్మలేను అని తనే అన్నాడు, అంత నిజాయితీ మనిషి. అది అమ్మి ఇస్తానని నేనే అన్నాను. ఎవరూ బలవంతం చేయలేదు. నా మాట మీదనే ఆమె ఉద్యోగానికి రాజీనామా ఇచ్చింది.

ఇచ్చిన మాట నోట్లో ఉన్నంతసేపు బాగానే ఉంది. ప్లాటు అమ్ముడుపోయి, కాగితాలు కదలడం మొదలయ్యాక గాని, ఇది నిజంగా వెళ్ళిపోవడమే అని నా బుర్రకు ఎక్కలేదు. అన్నం వండి తినకుండా లేచేదాన్ని. అప్పటికి మెట్రో స్తంభాలు లేచాయి, రైళ్ళు ఇంకా రావడం లేదు. పొద్దున్నే బయలుదేరి దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ దాకా స్తంభాల మీద నంబర్లు చదువుకుంటూ నడిచేదాన్ని, మళ్ళీ వెనక్కి తిరిగి అవే నంబర్లు. ఏం చేస్తున్నావని ఎవరైనా అడిగితే మోకాళ్ళ నొప్పులకు నడవమన్నారని చెప్పేదాన్ని.

ఒక శనివారం ఎల్.బి.నగర్‌లో కోర్టుల దగ్గర వకీలు ఆఫీసుకు పోయాము. సోమవారం ఆడపడుచు ఫైలు ఇవ్వాల్సిన రోజు. ఆ డబ్బు నేను ఇష్టపూర్వకంగా ఇచ్చానని కాగితం ఒక్కటే మిగిలింది, అది లేకపోతే ఫైలు చెల్లదు. వకీలు గుంటూరు వైపు మనిషి, మర్యాదస్థుడు. ప్లాటు కొన్నప్పటి నా పాత దస్తావేజు, నేను చేసి చూపించిన కొత్త సంతకం పక్కపక్కన పెట్టుకుని తల పట్టుకున్నాడు.

"చూడండమ్మా, అందులో వేలిముద్ర, ఇందులో సంతకం. వీసా ఆఫీసులో కూర్చున్న దొరగారికి ఇద్దరు మనుషులు కనపడతారు. మీకు చదువు రాదని రాసేసి వేలే వేయించేద్దాం. గొడవుండదు."

"మా వదినకు చదువొస్తది సార్. నేనే నేర్పిన" అని ఆడపడుచు గయ్యిమన్నది. ఆమె మొహం ఎర్రబడింది, కళ్ళు మాత్రం గోడ మీది క్యాలెండరు వైపు పోయాయి. నేను అది చూసి, పోనీలే, వేలే పెడతానన్నాను. ఆమె జిరాక్సులు తీయించడానికి కిందికి దిగిపోయింది.

టైపు చేసిన కాగితం తెచ్చి నా ముందు పెట్టి, సిరా డబ్బా మూత తీశారు. టైపు చేసే ఆవిడ గబగబా చదివి వినిపించింది గాని, ఆ వేగానికి నాకు సగం కూడా అందలేదు. ఎట్లాగూ ముందున్నది కదా అని నేను వేలు కింద పెట్టుకుని చదవడం మొదలుపెట్టాను. నాకు చదువు రాదట. చదివి వినిపించగా విని ఒప్పుకున్నానట. నవ్వొచ్చింది. నాలుగో వరుసలో, 'నా కూతురు అయిన' అని ఉంది, ఆ తర్వాత మా ఆడపడుచు పేరు.

నా కూతురు. మళ్ళీ చదివాను. మూడోసారి చదివాను. ఎవరి కాగితమో ముందు పెట్టుకుని పేర్లు మార్చి టైపు చేసినట్టున్నారు, వరస మార్చడం మరిచిపోయారు. నా బతుకులో ఎవరూ నోటితో కూడా అనని మాట, స్టాంపు కాగితం మీద అచ్చుతో ఉంది.

ఇప్పుడు చెప్పేది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇది తప్పు కాగితం, ఇట్లాగే పోతే ఫైలు తిరిగొస్తుంది, ఆమె ఎక్కడికీ పోదు, అన్నది నాకు ఆ క్షణంలోనే తెలిసింది. నేను ఏమీ చేయనక్కరలేదు. వేలు పెడితే చాలు. రేపు ఎవరైనా అడిగితే, నాకు చదువు రాదని ఆ కాగితమే సాక్ష్యం చెబుతుంది. సిరాలో వేలు ముంచాను కూడా. కింద మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు వినిపించింది, రెండేసి మెట్లు ఎక్కుతూ, చిన్నప్పుడు బడి వదలగానే నా వైపు పరుగెత్తి వచ్చినట్టు.

"సారూ, గామె నా బిడ్డ గాదు. ఆడపడుచు. గీడ తప్పు వడ్డది" అన్నాను.

వకీలు కాగితం లాక్కుని చూసి, నా మొహం చూశాడు. "అదేంటమ్మా, మీకు నిజంగానే చదవడం వచ్చా?"

"రాదని మీరే రాసిన్రు గద."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. పాస్‌పోర్టులో తల్లి పేరు వేరే ఉంటుంది కదా, అబద్ధం చెప్పారని తిప్పికొట్టి, మళ్ళీ వీసా అడగనిచ్చేవాళ్ళు కూడా కారని తర్వాత ఆయనే అన్నాడు. ఆ కాగితం చించేసి, దగ్గర కూర్చుని వేరేది రాయించాడు. పాత దస్తావేజులో వేలు పెట్టిన మనిషీ, తర్వాత చదువు నేర్చుకుని ఇప్పుడు సంతకం చేస్తున్న మనిషీ నేనే, అని. ఒకే కాగితం మీద ఎడమ పక్కన వేలు, కుడి పక్కన సంతకం. మవత్తు జారలేదు. సంతకం అయ్యాక అలవాటు కొద్దీ వేలి సిరా తలకు తుడుచుకున్నాను. ఆడపడుచు చూసి నవ్వబోయింది, నవ్వు సగంలో ఆగిపోయింది.

వీసా వచ్చింది. ఆమె పోయింది. కంపెనీ నిలబడింది, నలుగురికి పని ఇస్తోంది. నా ఖర్చుకు లోటు రానివ్వదు, ఏడాదికోసారి వస్తుంది. దేనికీ ఫిర్యాదు లేదు. పోయిన కొత్తలో నేను చదువు మరిచిపోతానని రోజూ తెలుగులో పెద్ద పెద్ద ఉత్తరాలు టైపు చేసి ఫోనుకు పంపేది, నేను రోజంతా పెట్టుకుని చదివేదాన్ని. ఇప్పుడు తీరిక లేక గొంతు రికార్డు చేసి పంపుతుంది. వినడానికి చదువెందుకు? మార్కెట్టు ఊరవతలికి పోయింది, బత్తాయి వాసన లేని కొత్తపేటలో రైళ్ళు నెత్తి మీద పోతుంటాయి, ఏ స్టేషను వచ్చిందో బోర్డు చదవకముందే పైనుంచి గొంతు చెప్పేస్తుంది. తాళానికి వేలు, వార్తకు చెవి. నేను ఎక్కడ మొదలుపెట్టానో లోకమంతా అక్కడికే వచ్చి చేరినట్టుంది. పలక పట్టుకుని అంత దూరం నడిచిన నాకు మాత్రం మళ్ళీ ఎటు నడవాలో తోచడం లేదు.

దుకాణంలో ఆ అమ్మాయి నంబర్లన్నీ కొత్త ఫోనులోకి ఎక్కించి, ఇంగ్లండు నంబరుకు పేరేం పెట్టాలని అడిగింది. ఇటివ్వు, నేనే రాస్తానన్నాను. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ చాలాసేపు పట్టింది, వెనక జనం విసుక్కున్నారు. 'కూతురు' అని రాశాను. తప్పేనని తెలుసు. ఈసారి దిద్దించలేదు.